మర తెరుస్తావని మీ నాన్న చెప్పాడు

అమ్మడూ,

ఆదివారం రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. అదీ ఇదీ మాట్లాడి, ఇక పెట్టేస్తాడనగా, "నీ మేనకోడలు బెంగళూరులో ఉద్యోగం మానేసి మద్రాసు చూళైకొచ్చి మన పాత పిండిమర మళ్ళీ తెరుస్తుందంట అక్కా, నువ్వయినా చెప్పు" అన్నాడు. చెప్పమంటే వద్దని చెప్పమని వాడి ఉద్దేశం. నేను సరే అన్నాను గానీ ఏం చెప్పాలో తెలియలేదు. రాత్రి రెండు దాకా నిద్ర పట్టలేదు, లేచి మంచినీళ్ళు తాగి, మళ్ళీ పడుకుని, మధ్యలో ఒకసారి నవ్వు కూడా వచ్చింది. మన ఇంట్లో ఇంకొకరికి ఆ పిండి పిచ్చి పట్టిందా అని.

ముందు కోపం సంగతి. మీ నాన్న నోట వినాల్సి వచ్చిందేం నేను? ముప్పై ఏళ్ళు ఆ మరలో కూర్చున్నదాన్ని, నాకు కదా మొదట చెప్పాల్సింది. సరే, తెల్లారి నువ్వు పంపిన ఫొటో చూశాక ఆ కోపం పోయి భయం పట్టుకుంది. మిషన్లని తిప్పే ఆ పొడుగాటి ఇనప కడ్డీ, షాఫ్టు, దాని కింద నిలబడి నవ్వుతున్నావు, చున్నీ ఒక పక్క మోకాలి దాకా వేలాడుతోంది. కరెంటు లేదు, మోటారు లేదు, నాకు తెలుసు. అయినా ఆ ఫొటో పూర్తిగా చూడలేక ఫోన్ బోర్లా పెట్టేశాను. ఎందుకో తర్వాత చెప్తాను.

చిన్న పనులు అందరూ చెప్తారు కాబట్టి గబగబా చెప్పేస్తా. ఇంటి కాగితాల్లో మీ తాత పేరే ఉంది, ముందు అది మార్పించు. కరెంటుకు త్రీ ఫేజ్ మళ్ళీ పెట్టించుకో, పాత వైరు ఒక్క అడుగు కూడా ఉంచకు, ఎలుకలు కొరికేసుంటాయి. తిండి సరుకులకి ఉండే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ రిజిస్ట్రేషన్ చేయించు. పక్కింటివాళ్ళ దగ్గరికి స్వీట్ డబ్బాతో వెళ్ళి చప్పుడు సంగతి ముందే మాట్లాడుకో. అంతే. ఇవన్నీ నాకన్నా నీకే బాగా తెలుసు.

నువ్వు మీ నాన్నతో "ప్రిజర్వ్ చేస్తా" అన్నావంట. దేన్ని అనేది నువ్వు తేల్చుకోవాలి, అందుకే మర కథ నాకు తెలిసినంత రాస్తున్నా. మీ తాత గూడూరు పక్కనుంచి మద్రాసొచ్చి ఏవేవో కూలిపనులు చేసి, పెరంబూరులో కోచ్ ఫ్యాక్టరీ 1955లో మొదలయ్యాక ఆ చుట్టుపక్కల జనం పెరగడం చూసి, అప్పు చేసి మర పెట్టాడు. మొదట ఆయిల్ ఇంజను. పొద్దున్నే దాని చక్రం తిప్పి స్టార్ట్ చెయ్యడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఆ ఇద్దరిలో ఒకరు మీ నాయనమ్మ. ఈ మాట ఎవరూ చెప్పుకోరు. మర అనగానే అందరూ తాత పేరే ఎత్తుతారు.

నాకు బాగా గుర్తున్నది గోధుమల కాలం. 1965, 66 కరువు. బియ్యం దొరక్క రేషన్లో అమెరికా గోధుమలు ఇచ్చేవాళ్ళు, పీఎల్ 480 అనేవాళ్ళు వాటిని. మన వీధిలో సగం మందికి గోధుమలేం చేసుకోవాలో తెలియదు. అన్నంలా వండి చూసినవాళ్ళున్నారు. ఆ రెండేళ్ళు మన గుమ్మం ముందు సంచులు వరసగా కూర్చునేవి, మనుషులు కాదు, సంచులే, ఒక్కోదాని మీద గుర్తుకి రాయో, చెప్పో, పాత గుడ్డ పీలికో పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. బిన్నీ బట్టల మిల్లు షిఫ్టు వదిలాక వచ్చి పట్టుకెళ్ళేవాళ్ళు. ఒక్కరోజు కూడా ఎవరి సంచి ఇంకొకరికి పోలేదు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు, బడి నుంచి రాగానే త్రాసు దగ్గర నేనే.

అప్పటి నుంచి మూతపడే దాకా గుమ్మంలోకొచ్చిన ప్రతి ఆడమనిషీ అడిగే మొదటి మాట ఒక్కటే: "ఇదుక్కు మున్నాడి ఎన్న అరైచ్చీంగ?" దీనికి ముందు ఏం ఆడారు అని. ఎందుకంటే మర ఎంత దులిపినా లోపల ముందువాళ్ళ పిండి గుప్పెడో రెండు గుప్పెళ్ళో ఉండిపోతుంది. బియ్యం తర్వాత బియ్యం పర్లేదు, గోధుమ తర్వాత మురుకుల పిండి ఆడితే నూనెలో వేశాక కరకర రాదు. రాగుల తర్వాత తెల్లపిండి ఆడావో, ఇక చూసుకో. అందుకే వరస ముఖ్యం. పొద్దున బియ్యం, తర్వాత గోధుమ, మధ్యాహ్నం రాగులు. మిరపకాయలకీ పసుపుకీ చివర ఉన్న మిషన్ తప్ప ఇంకోటి ముట్టుకోవద్దు. సీకాయకి వారంలో ఒకరోజు, అదీ ముక్కుకి గుడ్డ కట్టుకుని. ఈ వరస ఎక్కడా రాసి లేదు. పాత వస్తువులు దాచడమంటే ఇలాంటివి కూడా దాచాలి కదమ్మా, ఒక పుస్తకం పెట్టు, నేనొచ్చినప్పుడు చెప్తా రాసుకో.

రాళ్ళ సంగతి. గోధుమ మిషన్లో ఉన్నవి కొండరాళ్ళు కావు, ఎమరీ రాళ్ళు. ఎమరీ అనే గట్టి గరుకు రాతి గుండని, అతుక్కోడానికి మాగ్నసైటుతో కలిపి పోత పోస్తారు. వాటికి నీళ్ళంటే పడదు. 2015 డిసెంబరు వానకి మరలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చి మూడు రోజులు నిలిచాయి, ఆ రాళ్ళు మునిగాయి. పైకి గట్టిగానే కనిపిస్తాయి గానీ నేను గోరుతో గీకితే ఇసకలా రాలింది. ఆ రాళ్ళతో ఆడితే పిండిలో గరుకు దిగుతుంది, జనం పళ్ళకిందకి, కడుపులోకి పోతుంది. అందుకే వాటిని గోడకానించి బొమ్మలా పెట్టుకో, పనికి మాత్రం కొత్త జత తెప్పించు. కొత్తవి బిగించాక మొదటి అయిదారు కిలోలు తవుడో నాసిరకం గోధుమో ఆడి పారెయ్. అదీ ఆవుకి కూడా పెట్టకు.

పెరట్లో బాదంచెట్టు కింద రెండు నల్లరాళ్ళున్నాయి చూశావా, మీరంతా చిన్నప్పుడు వాటిమీద కూర్చుని ఐస్ తినేవాళ్ళు. అవి మొదటి జత. అసలు కొండరాళ్ళు. కిందది కదలదు, పైది తిరుగుతుంది, మధ్య నుంచి అంచుకి పోయే గాడుల్లోంచి పిండి బయటికొస్తుంది. ఆ గాడులు అరిగితే కక్కు కొట్టాలి, అంటే ఉలితో మళ్ళీ గరుకు చెయ్యాలి. "అమ్మి కొత్తలియో అమ్మి", రోళ్ళకి కక్కు కొట్టించుకుంటారా అని వీధిలో అరుచుకుంటూ పోయేవాళ్ళున్నారే, వాళ్ళలో ఒకాయన రెండు నెలలకోసారి వచ్చి మన రాళ్ళకి కొట్టేవాడు. తర్వాత తాతే నేర్చుకున్నాడు, తర్వాత నేను. నా ఎడమచేతి వేళ్ళ మీద నల్లచుక్కలు నువ్వు చిన్నప్పుడు లెక్కపెట్టేదానివి, అవి ఆ ఉలి దగ్గర ఎగిరిన ఇనప ముక్కలే, చర్మంలో ఉండిపోయాయి.

ఇంకొకటి, గింజ లేకుండా రాళ్ళు తిప్పకు. తొట్టిలో గింజ అయిపోతుంటే చప్పుడు మారుతుంది, గుసగుసలా ఉన్నది గీరుడవుతుంది. అప్పటికే ఆలస్యం. రాయికి రాయి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. అక్కడ కూర్చుని ఫోన్ చూస్తానంటే మర నీకొద్దు, నేనే మీ నాన్న వైపు మాట్లాడతా. పిండి దిగే గుడ్డగొట్టం దగ్గర చెయ్యి పెట్టి బొటనవేలితో రుద్ది చూస్తుండు. గోరువెచ్చగా ఉండాలి, వేడెక్కితే రాళ్ళు బిగిసినట్టు, కొంచెం వదులు చెయ్యి. తొట్టిలో అయస్కాంతం పెట్టు, గోధుమల్లో మేకులొస్తాయి, నమ్ము.

ఇప్పుడు గోడ.

దీన్ని గురించి నేను ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నకీ చెప్పలేదు. చదివాక వాడికి చూపిస్తే చూపించు, ఇంక నాకేం.

ప్యాకెట్ పిండి అంగళ్ళలోకి వచ్చిన కొత్త. మన గిరాకీలో బాగా ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఒకామె మొహం మీదే అంది, "గోడలు చూడండక్కా, పెచ్చులు పిండిలో పడవా" అని. నిజమే, మన మర గోడలు పాత గానుగ సున్నం గోడలు, వానాకాలం కింద మూడడుగులు చెమ్మగా ఉండి, ఎండాకాలం తెల్లగా పొడి రాలేవి. నాకు తలకొట్టేసినట్టయింది. గోడలు నున్నగా మెరిస్తే జనం మళ్ళీ వస్తారనుకున్నా. మేస్త్రిని పిలిచాను. ముసలాయన, పులికాటు వైపు మనిషి, గుల్ల కాల్చి సున్నం చేసేవాళ్ళ కుటుంబం, మన తెలుగే మాట్లాడేవాడు. గోడని చేత్తో తడిమి, "అమ్మా, ఇది సున్నం గోడ. నేల్లోంచి తడి పీలుస్తుంది, పైపూతలోంచి వదుల్తుంది. దీనికి సిమెంట్ పూస్తే చెమట పోయే దారి ఉండదు. సున్నమే పెడదాం, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపి, నెల పడుతుంది" అన్నాడు. నెల మర మూసుకుంటే తినేదేంటి? నాకు ఇంకో ఆలోచన కూడా వచ్చింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. రోజుకూలీ కోసం పని సాగదీస్తున్నాడనుకున్నాను. ఆ మాట అనేశాను కూడా. ఆయన తాపీ సంచిలో వేసుకుని, కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు.

ఇంకొకణ్ణి పెట్టి నాలుగు రోజుల్లో సిమెంట్ పూయించాను. పైన ఆయిల్ పెయింటు, లేత ఆకుపచ్చ. రెండేళ్ళు అద్దంలా ఉంది. నేను దాన్ని చూసుకుని మురిసిపోయేదాన్ని, కొత్తగా వచ్చినవాళ్ళకి "కడిగేయొచ్చు" అని చూపించేదాన్ని. మూడో వానాకాలానికి చెమ్మ మూడడుగులు కాదు, నా తలకి పైన కనపడింది. బయటికి పోయే దారిలేక పైకెక్కింది. పూత లోపల ఉప్పు చేరి ఇటుకల మొహాలు పిండైపోతున్నాయని నాకేం తెలుసు, పైకి నున్నగానే ఉంది కదా.

ఆ గోడకే కదమ్మా షాఫ్టు బ్రాకెట్లు బిగించింది. మూడు పోతయినప బ్రాకెట్లు, వాటి బోల్టులు ఇటుకల్లోకి దిగి ఉంటాయి. మధ్యది వదులైంది. బిగించాను. నెలకి మళ్ళీ వదులు. మళ్ళీ బిగించాను. బోల్టు పట్టుకునేది పిండయితే ఎంత బిగించి ఏం లాభం? షాఫ్టు వెంట్రుకవాసి వంగింది, బెల్టు కప్పీ మీద ఒక పక్కకి జరగడం మొదలుపెట్టింది. నేను బెల్టుని తిట్టుకుంటూ గుగ్గిలం రాస్తూ వచ్చాను. దీపావళికి ముందు శనివారం, మురుకుల పిండికి జనం వీధి దాకా నిలబడ్డారు, సాయంత్రం నాలుగుకి బెల్టు కప్పీ మీంచి ఎగిరింది. ఎగిరి తొట్టిలో గింజ పోస్తున్న కుర్రాడికి తగిలింది. మెడకింది ఎముక విరిగింది. ఇంకో జానెడు పైన తగిలుంటే ఆ పిల్లాడు లేడు. పదిహేడేళ్ళు వాడికి.

ఆస్పత్రి ఖర్చంతా పెట్టుకున్నాను, ఆరు నెలలు జీతం ఇచ్చాను, వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని "మీరు దేవతక్కా" అంది. అందరికీ ఒకటే చెప్పాను, బెల్టు పాతదైపోయింది, తెగింది అని. తెగలేదు. ఆ రాత్రి ఒక్కదాన్నే ఉలి తీసుకుని బ్రాకెట్ పక్కన పూత కొట్టి చూశాను, వెనక ఇటుక చేత్తో తీస్తే రాగిపిండిలా వచ్చింది. ఎర్రగా. ఆ ముసలాయన కోసం పులికాటు దాకా మనిషిని పంపాను. లేడన్నారు, పోయినేడే పోయాడని.

ఆ కుర్రాడికిప్పుడు ఇద్దరు పిల్లలు, ఆటో నడుపుతాడు. పొంగలికి ఇంకా చెరుకుగడ తెచ్చిస్తాడు. కుడిచెయ్యి పూర్తిగా పైకెత్తలేడు. ప్రతి పొంగలికీ చెప్పాలనుకుంటా.

అందుకని నీకు చెప్పేది, ఆ ఆకుపచ్చ గోడ నీ ఫొటోలో చాలా బాగుందని నీ ఫ్రెండ్సు అన్నారంట, దాన్ని కొట్టించెయ్. మిషన్ పెట్టి కాదు, ఉలీ సుత్తీతో, మెల్లగా, జాన అయ్యాక జాన. ఫిబ్రవరిలో మొదలుపెడితే ఎండాకాలమంతా గోడ ఆరుతుంది. ఆరకముందు ఏమీ పూయకు. పోయిన ఇటుకలు తీసి అదే కొలత ఇటుక సున్నంతో పెట్టించు, తర్వాత సున్నం పూత పలచగా రెండు మూడు సార్లు, గోనెలు తడిపి కప్పుతూ. పైన ఉత్త సున్నం వెల్ల చాలు. పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు దగ్గరికి రానీకు. పైకప్పు మద్రాసు టెర్రసు, టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలబెట్టి ఏటవాలుగా పేర్చి సున్నంతో కట్టింది, దాన్ని పగలగొట్టి కాంక్రీటు వేద్దామని చెప్పేవాడు ఒకడొస్తాడు. కాఫీ ఇచ్చి పంపించెయ్. కప్పు మీద నీళ్ళ ట్యాంకు మాత్రం పెట్టకు. షాఫ్టుని ఇక ఆ గోడకి వేలాడదీయొద్దు, దానికి వేరే పునాది తీసి ఇనప స్తంభాలు వెయ్యి. ఒరిజినల్‌గా ఉండదంటావేమో. పాత బ్రాకెట్లు గోడకే ఉండనీ, బరువు మాత్రం మొయ్యకుండా.

బెల్టుకి జాలీ. నీ ఆర్కిటెక్టు స్నేహితురాలు బెల్టులు బయటికి కనపడితే అందం, మిషన్ల మీద లైట్లు పెడదామందంట, మీ నాన్న చెప్పాడు. పాత 1948 ఫ్యాక్టరీల చట్టంలో 21వ సెక్షన్ చదువుకోమను ఆ పిల్లని, కదిలే యంత్రానికి కంచె ఉండాలని ఉండేది. మనది చిన్న మర, ఆ చట్టం మనదాకా రాదని నేనూ ఊరుకునేదాన్ని. పైగా 22వ సెక్షన్ ప్రకారం తిరుగుతున్న షాఫ్టుకి ఆడవాళ్ళు నూనె పొయ్యకూడదని ఉండేది. ముప్పై ఏళ్ళు పోశాను! గొప్ప కాదులే, బుద్ధి లేక. నువ్వు ఆపి పొయ్యి. చున్నీ ఇంట్లో వదిలి, జుట్టు ముడేసుకుని, గాజులు తీసి లోపలికి అడుగుపెట్టు. ఇది సలహా కాదు.

దుమ్ము కూడా. నీ బావ దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు మినియాపొలిస్‌లో నది ఒడ్డున ఒక పాత పిండిమిల్లు చూపించాడు. వాష్‌బర్న్ ఎ మిల్లు. 1878 మే 2న గాల్లో పిండి దుమ్ము అంటుకుని పేలిపోయి 18 మంది చనిపోయారంట అక్కడ. మళ్ళీ కట్టారు, ఎప్పుడో మూతపడింది, 1991లో మళ్ళీ తగలబడింది. 2003లో ఆ మొండిగోడల మధ్యే మ్యూజియం తెరిచారు. పిండి పేలుతుందని నాకు డెబ్బై ఏళ్ళకి దగ్గరపడ్డాక తెలిసింది చూడు. మన మరలో గుడ్డి బల్బు కింద, సందు మూలల్లో వేలు మందాన దుమ్ము, పక్కనే కూర్చుని బీడీ కాల్చే మనుషులు, ఇన్నేళ్ళూ ఎట్టా బయటపడ్డామో. రోజూ ఊడ్చు, పైన దూలాల మీద కూడా. బల్బులకి మూతలు, స్విచ్చులు మర గదికి బయట.

ఆ మ్యూజియంలో ఒక మూల వంటగదిలాంటిది పెట్టి బ్రెడ్ కాలుస్తున్నారు, ఆ వాసనకి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, నీ బావ కంగారుపడి బీపీ మాత్ర ఇచ్చాడు. కానీ ఒక్క రాయీ తిరగడం లేదక్కడ. నువ్వు కూడా కాఫీ షాపు పెట్టి, రాళ్ళని బల్లలు చేసి, మరని ఫొటోలకి నిలబెడితే నాకు బాధేస్తుంది, చెప్తున్నా. వారానికి రెండు రోజులు ఆడు చాలు, బుధవారం, శనివారం. ఒక మిషన్ చాలు. హెరిటేజ్ లిస్టులో పెట్టిస్తానన్నావంట, నగరం ప్లానింగ్ చూసే సి.ఎం.డి.ఎ. వాళ్ళనీ, పాత కట్టడాలు కాపాడే ఇన్‌టాక్ వాళ్ళనీ అడుగు, మంచిదే. కానీ లిస్టులో పేరుంటే సంచి పట్టుకుని జనం రారు.

పిండి ఆన్‌లైన్లో అమ్మే ఆలోచన మాత్రం కొంచెం ఆపు. రాతిమర పిండిలో గింజ మొలక కూడా నలిగి దాని నూనె పిండిలోనే ఉంటుంది, రుచి అందుకే, తొందరగా మక్కిన వాసన రావడమూ అందుకే. రోలర్ మిల్లులో మొలకా తవుడూ తీసేస్తారు, నిలవుంటుంది. నీది వారం పది రోజుల్లో వాడేసుకునే సరుకు. చూళై నుంచి వెప్పేరి దాకా అమ్ముకో ముందు.

డబ్బు సంగతి అడగలేదు, ఉంటే ఉంది అంటావు, లేకపోతే దాస్తావు. ఏడాదికి సరిపడా పక్కన పెట్టుకున్నావా లేదా, అది మటుకు మీ నాన్నకి కాదు, నాకు చెప్పు.

కక్కు ఉలులు మూడు నా బీరువాలో పాత పట్టుచీర కింద ఉన్నాయి. ఒకటి తాతది, పిడి అరిగి వంకరగా ఉంటుంది, దాన్ని మార్చకు, చేతికి అలవాటైతే అదే బాగుంటుంది. బాదంచెట్టు కింద పై రాయిని ఇద్దరు మనుషుల్ని పెట్టి బోర్లించి ఉంచు, నీళ్ళు పోసి కడిగించు, కొండరాయికి నీళ్ళేం చెయ్యవు. తాంబరం నుంచి పొద్దున లోకల్లో ఎక్కి వచ్చే శనివారం పది కల్లా వస్తాను. మోకాళ్ళు కింద కూర్చోనివ్వవు, ఒక ఎత్తు పీట చూసిపెట్టు. ఆ ఆటో అబ్బాయికి ఫోన్ చేశాను, ఎగ్మూరు స్టేషన్ నుంచి వాడే తీసుకొస్తానన్నాడు. దారిలో గోడ సంగతి వాడికి చెప్పాలనుకుంటున్నా. చెప్పలేకపోతే నువ్వు ఏమీ అడగకు.

మీ అత్త